హంగుల కంటే ముందు బ్రేకులు
గన్నవరం చుట్టుపక్కల పాత జీపు కొన్న కుర్రాళ్లు ముందుగా చేయించేది లావు టైర్లు, పైన దీపాల వరస. ఇది తలకిందుల పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపులు కూర్చి వాహనాల తయారీ మొదలుపెట్టిన మహీంద్రా తర్వాత తెచ్చిన ఎంఎం 540 లాంటి బండ్లు సొంతంగా పని నేర్చుకోవడానికి బడుల్లాంటివి: కంప్యూటర్ ఉండదు, కమాన్ కట్టలు, గ్రీజు నిపుల్స్ అన్నీ చేతికందుతాయి. మన డెల్టా నల్లమట్టి ఛాసిస్‌కు అంటుకుని తడిని పట్టి ఉంచుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే ఏలూరు కాలువ గట్ల బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ అడుగుభాగం కడగండి, గ్రీజు కొట్టండి. నీళ్లలో దిగితే గేర్ ఆయిల్ చూడండి; తెల్లబడితే లోపలికి నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడెక్కితే పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే. ఆర్‌సీ వివరాలతో పొసగని మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు అలాంటి మార్పులు బయటపడతాయి. చేతకాని పనికి విజయవాడ ఆటోనగర్ మెకానిక్‌లు ఉన్నారు. బండి అప్పగించి వచ్చేయకుండా పక్కన నిలబడి నేర్చుకోండి. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే, అప్పుడు దీపాలు పెట్టించుకోండి.