మీ దుకాణం కథ మీ పిల్లలకు తెలుసా?

పోయిన సంవత్సరం ఆరో తరగతి పిల్లలకు ‘మా నాన్న’ అనే అంశం మీద ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయమన్నాను. చాలా నోట్‌బుక్కుల్లో ఒకటే వాక్యం: ‘మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మ్యాన్’. ఒక బాబు మాత్రం వచ్చీరాని ఇంగ్లిష్‌లో వేరేగా రాశాడు. వాళ్ల నాన్న తెల్లవారుజామున మూడున్నరకే లేచి పల్లి చట్నీ రుబ్బుతాడట. బస్టాండుకు వచ్చే మొదటి బస్సు డ్రైవర్‌కు వేడి ఇడ్లీ అందాలన్నది ఆయన పట్టుదలట. నేను ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, పైన ఎర్ర పెన్నుతో ‘బిజినెస్‌మ్యాన్’ అని రాసిచ్చాను. తప్పులు తగ్గుతాయి, మార్కులు పోవు అనుకున్నాను.

ఆ దిద్దుబాటు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ బాబుకు మంచి ఇంగ్లిష్ నేర్పుతున్నాననుకుంటూ, వాడి దగ్గరున్న మంచి కథను తీసేశాను.

తప్పు నా ఒక్కదానిదే కాదేమో. పేరెంట్స్ మీటింగ్‌లో ఏం చేస్తుంటారని అడిగితే, “ఏముంది మేడం, చిన్న దుకాణం” అని మాట దాటేసే తల్లిదండ్రులు ఎందరో. అడ్మిషన్ ఫారంలో వృత్తి దగ్గర ‘బిజినెస్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. కిరాణం, కుట్టుమిషన్, చీరల షాపు, వెల్డింగ్, మెడికల్ షాపు అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. పిల్లలు మన మాటలే కాదు, మన మొహమాటాన్నీ నేర్చుకుంటారు. ఫీజు ఏ కష్టంలోంచి వస్తుందో తెలియకుండానే పెరుగుతారు.

చిన్న వ్యాపారానికి కథేముంటుంది అంటారా? మన దగ్గరే ఉన్న ఒక ఉదాహరణ చూడండి. ఆలేరు దగ్గరి శారాజీపేట ఒకప్పుడు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనిదే. అక్కడి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితోనే బడి మానేయాల్సి వచ్చింది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. వరసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరగాలి. ఆ పని చేసీ చేసీ వాళ్లమ్మకు భుజం నొప్పి వచ్చింది. అది చూడలేక ఆయన ఏళ్ల తరబడి ప్రయత్నించి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఆ యంత్రంలో ఎన్ని మోటార్లున్నాయో మనలో ఎందరికి తెలుసు? కానీ ‘అమ్మ భుజం నొప్పి’ అన్న మాట ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోరు. వ్యాపారం కథ అంటే అదే. ఎవరి కోసం మొదలుపెట్టాం, ఏ కష్టం చూసి మొదలుపెట్టాం అన్నదే.

కథ అంటే గొప్పలు చెప్పుకోవడం కాదు. అది నిజమై ఉండాలి, చూపిస్తే కనబడాలి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ డిజైన్లు ప్రింట్ చేసిన గుడ్డలు బజారులో చవకగా దొరుకుతూనే ఉన్నాయి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. అందుకే పువ్వు అంచులు కొంచెం అలికినట్టుంటాయి, రంగు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మామూలు ప్రింట్ అయితే తిరగేస్తే వెలవెలబోతుంది. ఈ సంగతి చెప్పే దుకాణదారు దగ్గర కొనేవారికి ధరలో తేడా ఎందుకో అర్థమవుతుంది. చెప్పకపోతే రెండూ ఒకటే అనుకుని చవకది పట్టుకుపోతారు. గద్వాల చీరలు అమ్మేవారిదీ ఇదే సంగతి. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే ఎలా కలుపుతారో చెప్పగలిగితే బేరం తీరే మారిపోతుంది.

“మేం నేసేవాళ్లం కాదు, అమ్మేవాళ్లం” అనవచ్చు. మీకూ కథ ఉంది. దుకాణానికి ఆ పేరు ఎందుకు పెట్టారు? మొదటి రోజు గల్లాపెట్టెలో ఎంత పడింది? ఇరవై ఏళ్లుగా మీ దగ్గరికే వచ్చే గిరాకీ ఎవరు, ఎందుకు వస్తారు? 2020 లాక్‌డౌన్‌లో షట్టర్ దించినప్పుడు ఇల్లు ఎలా గడిచింది? తూకంలో, నాణ్యతలో మీరు ఏ విషయంలో ఎప్పుడూ రాజీపడలేదు? నష్టం వచ్చిన సంవత్సరం గురించి కూడా చెప్పండి. పిల్లలు దాన్ని చిన్నతనంగా తీసుకోరు, నిలదొక్కుకోవడం ఎలాగో నేర్చుకుంటారు.

ఇంగ్లిష్ మేం నేర్పుతాం. వ్యాకరణం, స్పెల్లింగులు మా బాధ్యత. కానీ చెప్పడానికి కథ ఉండాలి కదా! అది మా పాఠ్యపుస్తకంలో లేదు, మీ ఇంట్లో ఉంది, తెలుగులో ఉంది. ఒక ఆదివారం మీ పిల్లల్ని గల్లా దగ్గర కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పండి. వాళ్లను ప్రశ్నలు అడగనివ్వండి.

ఈసారి మళ్లీ అదే అంశం ఇస్తాను. పల్లి చట్నీ వాక్యం వస్తే ఎర్ర పెన్ను పక్కన పెడతాను.