వార్ధక్యమూ విస్మృతీ

ఎన్నవ జపమాల తిరుగుతోందో మరచిన వృద్ధుని చూచి ‘సాధన సడలింది’ అనడం అన్యాయం. రీసస్ వానరాలకు జపం లేదు; అయినా ఆహారం దాచిన గుంటను కొద్ది క్షణాలు తెరచాటు చేస్తే, 20 ఏళ్లు దాటినవి తరచు తడబడతాయి. వాటి మెదడు పూర్వభాగంలో నాడీకణాలు అధికంగా నశించవు; నాడీశాఖల సన్నని కంటకాలపై నిలిచిన, నూతన విషయగ్రహణకు ఆధారమైన సినాప్సులే ప్రధానంగా క్షీణిస్తాయి. స్థూలమైనవి చాలావరకు మిగులుతాయి. బాల్యంలో కంఠస్థమైన స్తోత్రం చెదరకపోవడానికి ఇదొక హేతువు కావచ్చు.

మనస్సు అన్నమయమని ఛాందోగ్యం ఏనాడో చెప్పింది. 15 దినాలు ఉపవసించిన శ్వేతకేతువుకు ఋక్కులు స్ఫురించనప్పుడు ఉద్దాలకుడు నిందించలేదు, భుజించి రమ్మన్నాడు. వృద్ధుని మాలల లెక్క మనవలు చూచుకుంటే సరిపోతుంది.