ముందు లెక్క చెప్పండి!

మన భద్రాచలం ఏజెన్సీ సంతల్లో ఎండుచేపల గోనెపట్టా ముందు కూర్చుని చూడండి. తల లేని, తోక లేని, రెక్కలు కోసేసిన సొర ముక్క, ఉప్పు పట్టి కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది. అది ఏ రకం సొర? అమ్మేవాడికి తెలియదు. కొనేవాడు అడగడు. సముద్రం మనకెక్కడో దూరం, మనకెందుకీ గొడవ అంటారా? కంచంలో సొర పులుసు పెట్టుకుని ఈ మాట అనడానికి నోరెలా వస్తుంది?

కొన్ని చిన్నరకం సొరలు ఒకటిన్నర అడుగులకే ఎదిగి పిల్లల్ని కనే ఈడుకొస్తాయి. అంతే పొడవున్న కొమ్ముసొర, ఆ సుత్తి తల సొర, మొన్న పుట్టిన పసికూన. అది ఆరేడు అడుగులు పెరిగితే గానీ పిల్లల్ని కనదు. అందుకు ఏళ్లకేళ్లు పడుతుంది. దెయ్యపు టేకు చేప కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. వీటన్నిటినీ ఒకే గంపలో పోసి తూకం వేసి ‘సొర, టేకు’ అని రాసుకుంటే అది లెక్క కాదు. దొంగలెక్క.

ఢిల్లీ పెద్దల నిర్వాకం చూడండి. 2001 జూలైలో సొరలు, టేకులన్నిటినీ ఒక్క కలంపోటుతో వన్యప్రాణి రక్షణ చట్టంలో చేర్చారు. మత్స్యకారులు తిరగబడ్డారు. డిసెంబరుకల్లా ఆ జాబితాను పది జాతులకు కుదించారు. ఆ అయిదు నెలల్లో సముద్రంలో ఏం మారింది? ఏమీ మారలేదు. 2015లో రెక్కల ఎగుమతి నిషేధించారు. 2022లో చట్టం సవరించి జాబితా మళ్లీ పెంచారు. తెల్లవారుజామున కాకినాడ రేవులో వల దులిపే జాలరికి ఏ పిల్ల నేరమో, ఏది కాదో చేత్తో పట్టి చూపించిందెవరు? చూపించకుండా కేసు పెట్టడం రక్షణ కాదు, దౌర్జన్యం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇల్లు గడవక నలిగేది మరపడవ కూలీ. నిషేధం ముగిశాక సముద్రం అడుగు ఊడ్చే ట్రాలు వలలో పడే పసికూనల గురించి బోటు యజమానిని నిలదీసే దమ్ము ఎవరికీ లేదు. 1970 తర్వాత అర్ధశతాబ్దంలో ప్రపంచ మహాసముద్రాల్లో తిరిగే సొరలు, టేకులు 71 శాతం తగ్గిపోయాయని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. కారణం మితిమీరిన వేటే.

పాపికొండల అడవిలో పులి జాడ కనిపిస్తే కెమెరాలు కడతారు. నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల్ని లెక్కిస్తారు. మంచిదే. సొరకు ఆ పాటి విలువ లేదా? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖ కేంద్రం వాళ్లు రేవుకు వెళ్లి జాతి, పొడవు, ఆడా మగా రాసుకుంటారు. అసలైన పని అది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ప్రతి రేవులోనూ అది జరగాలి. అందుకు డబ్బివ్వని ప్రభుత్వానికి సముద్ర సంరక్షణ గురించి ఉపన్యాసమిచ్చే అర్హత లేదు. జాలరిని పక్కన కూర్చోబెట్టుకోని పరిశోధన కూడా నాకొద్దు. ఏ రుతువులో ఏ సొర ఎక్కడ ఈనుతుందో అతనికి తెలుసు.

బాలింతకు పాలు పడతాయని సొర వండిపెట్టే అమ్మలారా, కోపం వచ్చినా వినండి. సొర మాంసంలో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, బాలింతలు తినొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థే చెబుతోంది.

ఈసారి సంతకెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: ఇది ఏ సొర? జవాబు రాకపోతే కొనకండి.