విమానములందలి అదనపు విద్యుచ్ఛక్తి

విమానమునకు విద్యుచ్ఛక్తి ప్రాణవాయువు వంటిది. దారి చూపు యంత్రములును, నేలతో మాటలాడు రేడియోయును దానిచేతనే పనిచేయును. ఇంజనులకు కట్టిన జనరేటర్లు ఈ శక్తిని పుట్టించును. అవి యాగినచో నాదుకొనుటకు తోకయందొక చిన్న యింజనును, బ్యాటరీలును, పెక్కు విమానములలో గాలి విసురునకు తిరుగు టర్బైనును గలవు. ఇన్ని యుండగా భయమేల యని కొందఱందురు. సంఖ్య యొక్కటియే చాలదని నా యభిప్రాయము.

1983 జులై 23వ తేదీన కెనడాలో నొక బోయింగ్ 767 విమానమునకు మార్గమధ్యముననే యింధనము నిండుకొనెను. ఇంజనులు రెండును ఆగిపోయెను. అప్పుడు గాలి టర్బైను వెలికి దిగి, విమానమును త్రిప్పుటకు వలయు శక్తి నొసగెను. అందలి 69 మందియు గిమ్లీ యను చోట ప్రాణములతో దిగిరి. గాలికి ఇంధనముతో పనిలేదు గదా!

2008 జనవరి 7వ తేదీన లండనునుండి బ్యాంకాకు చేరవచ్చుచున్న యొక బోయింగ్ 747 విమానమునకు జనరేటర్లు నాలుగు. వంటశాలనుండి కారిన నీరు క్రిందనున్న విద్యుత్పరికరములలో జొరబడగా, మూడింటి శక్తి పోయెను. ముఖ్య యంత్రములకు బ్యాటరీలే దిక్కయ్యెను. అవి యరగంటకై యేర్పఱచినవి. ఆ విమానమున గాలి టర్బైను లేదు. విమానాశ్రయము చేరువనుండుటచే నందఱును క్షేమముగా దిగిరి. ఇదియే కొన్ని గంటల ముందు జరిగియున్నచో నేమి గతి?

ఇంటి తాళమునకు రెండు చెవులుండి, రెండును ఒకే గుత్తియందున్నచో, గుత్తి పోయిననాడు రెండవదానివలన ఫలమేమి?

అదనపు సాధనమే యపాయహేతువగుటయు గలదు. 2013 జనవరిలో బోస్టను నగరమున నిలిచియున్న బోయింగ్ 787 విమానమున బ్యాటరీ యంటుకొనెను. తొమ్మిది దినములకు జపానులో నట్టి మఱియొక విమానము బ్యాటరీ పొగవలన తొందరగా దిగవలసివచ్చెను. ఆ జాతి విమానములను కొన్ని నెలలు నిలిపి, బ్యాటరీని ఉక్కుపెట్టెలో నుంచి, పొగ వెలికిపోవు మార్గము నేర్పఱచిరి. ఈ యేర్పాటు మొదటనే యుండవలసినది.

సాధనములను వేఱు వేఱు చోట్ల నుంచిన బరువును వ్యయమును పెరుగునందురు. నిజమే. కాని యా భారము ప్రయాణికుల ప్రాణములకంటె గొప్పది కాదు. విద్యార్థులారా, మీలో యంత్రశిల్పులు కానున్నవారు "ఎన్ని సాధనములున్నవి?" యని యడిగి యూరకుండక, "ఏ యొక్క ప్రమాదము వీని నన్నిటిని కూల్చగలదు?" అనియు నడుగుడు.