‘లిటరల్లీ’ మీద నింద

“లిటరల్లీ చచ్చిపోయానే!” ఈ మాట మన క్లాసులో రోజుకు పదిసార్లైనా వినిపిస్తుంది. చచ్చినవాళ్లు మాట్లాడతారా అని పెద్దలు నవ్వుతారు. ఈకాలం ఆడపిల్లలు భాషను పాడుచేస్తున్నారనీ అంటారు. ఆ నింద న్యాయం కాదు.

లాటిన్‌లో ‘లిటెరా’ అంటే అక్షరం. అంటే లిటరల్లీ మన ‘అక్షరాలా’కు అక్కచెల్లెలే: ఉన్నది ఉన్నట్టు అని. కానీ 1769లోనే ఫ్రాన్సెస్ బ్రూక్ అనే రచయిత్రి తన నవలలో దాన్ని కేవలం నొక్కి చెప్పడానికి వాడారు. తర్వాత డికెన్స్ కూడా వాడారు. 1909 నాటికి వెబ్‌స్టర్ నిఘంటువులోనూ ఆ అర్థం చేరింది. మరి పాడుచేసింది మనమా?

నిజాన్ని చెప్పే మాటలకు ఇది మామూలే. ‘వెరీ’కి ఒకప్పుడు ‘నిజమైన’ అని అర్థం, ఇప్పుడది ‘చాలా’ అయింది. “నిజంగా ప్రాణం పోయిందనుకో” అని మన అమ్మమ్మలూ అంటారు, ఎవరూ తప్పుపట్టరు.

అయితే ఒక్కమాట. ప్రతిదానికీ వాడితే ఏ మాటైనా అరిగిపోతుంది. రసీదు మీద ‘అక్షరాలా వెయ్యి రూపాయలు’ అని ఉంటే వెయ్యే ఇవ్వాలి కదా! కబుర్లలో ఎలాగైనా అనుకుందాం. పరీక్షలో, సాక్ష్యంలో మాత్రం ఆ పాత అర్థాన్ని కాపాడుకుందాం.