మంచు చూడవచ్చిన పిల్లలు

మార్గశిర పుష్యమాసములలో, శనివారము అర్ధరాత్రి దాటిన పిమ్మట, నర్సీపట్నము నుండి ఘాట్‌రోడ్డు వైపు చూచినచో తిరునాళ్ల దీపములు తలపునకు వచ్చును. విశాఖపట్నము నుండియు, రాజమహేంద్రవరము నుండియు, ఒక్కొక్కప్పుడు హైదరాబాదు నుండియు బయలుదేరిన కార్లు ఒకదాని వెనుక నొకటిగా కొండ నెక్కుచుండును. ముందు సీటులో తండ్రి నిద్ర నాపుకొనుచు బండి నడుపుచుండును. వెనుక తల్లి ఒడిలో ఒకరు, ప్రక్కన ఒకరు మెడలు వాల్చి నిద్రపోవుచుందురు. తెల్లవారకముందే లంబసింగి చేరవలెను. చెరువులవేనము కొండమీదికెక్కి మబ్బుల సముద్రమును చూడవలెను. ఫొటోలు తీసికొనవలెను. తొమ్మిదింటికి ఫలహారము, పదింటికి తిరుగు ప్రయాణము. రాత్రికి ఇల్లు, మరునాడు బడి.

దీనికే నేటి కుటుంబములు విహారయాత్రయని పేరు పెట్టుకొన్నవి.

లంబసింగి చూడదగినది కాదని ఎవరును అనరు. చింతపల్లి మండలములోని ఈ చిన్న గ్రామము సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. కర్కటరేఖకు ఎంతో దిగువన, అచ్చమైన ఉష్ణమండలపు నేలమీద, చలికాలపు రాత్రులలో ఉష్ణమానము సున్నకు చేరువగా దిగుట వింతయే. ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి నేల తన వేడిమిని పైకి విడిచిపెట్టును; చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల మీదుగా జారి లోయలో నిలిచిపోవును. పూర్వము ఈ చోటికి కొర్రబయలని పేరట. ఆరుబయట నిలిచినవాడు తెల్లవారుసరికి కొర్రవలె బిగుసుకొనిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. పత్రికలవారు పెట్టిన ‘ఆంధ్రా కాశ్మీరము’ కన్న ఈ పాతపేరు ఎంత బాగున్నది! అందులో కనీసము చలి యున్నది.

కాని ఆ చలిని అనుభవించుటకు కొంత సేపు కావలెను. మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపమును పూసికొని క్షణములో హిమవంతము చేరెను. ఊరూర తిరిగివచ్చిన అతిథుల నోట దేశముల కబుర్లు విని విని ఆతనికి కలిగిన వేడుక అది. మధ్యాహ్నమునకు ఇల్లు చేరుదునని ఆతని లెక్క. మంచునీటికి లేపము కరగిపోయెను, లెక్క తప్పెను, కావ్యము పుట్టెను. నేటివారి పాదలేపము పెట్రోలు. ఇది కరగదు. కరగినచో రెండు దినములైనను ఆ కొండమీద నిలువక తప్పకపోవును గదా! ఇంకొక భేదము కూడ కలదు. ప్రవరుడు ఒంటరిగా పోయెను. చంటిబిడ్డను చంకనెత్తుకొని పోలేదు.

పెద్దవారికి ఆరుగంటల ప్రయాణము, ఒక గంట దర్శనము సరిపోవచ్చును. పిల్లల సంగతి వేరు. ఐదేండ్ల పసివాడు ఘాట్ మలుపులలో రెండుమారులు కక్కుకొనును. నాలుగున్నరకు గాఢనిద్రలో లేపి, స్వెట్టరు మీద స్వెట్టరు తొడిగి, చీకటిలో గుట్ట నెక్కించినచో వానికి తెలియునది ముక్కు చల్లబడుట, కాళ్లు నొచ్చుట. మబ్బులు వచ్చునప్పటికి వాడు తండ్రి భుజముమీద మరల నిద్రపోయి యుండును. నవ్వుమని కెమెరా ముందు నిలబెట్టుదురు. ఏమి చూచితివని బడిలో అడిగినచో కారులో పండుకొంటినని వాడు చెప్పును. వాడు చెప్పినది అక్షరాల నిజము.

ఇక అరకు, బొర్రా గుహలు, లంబసింగి మూడును ఒక్క సెలవులోనే ముగించువారి మాట చెప్పనక్కరలేదు. 1830-31 సంవత్సరములలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చేసినప్పుడు పదునైదు నెలలకు పైగా పట్టినది. ఆయన మజిలీ మజిలీకి నిలిచి, అక్కడి నీరెట్టిది, అంగళ్లలో ఏమి దొరకును, జనులేమి తిందురు, ఏ భాష మాటలాడుదురు అని వ్రాసికొనెను. పదునైదు నెలల సెలవు నేడెవరికిని లేదు. కాని మజిలీ చేయు అలవాటు కూడ పోవలెనా?

అసలు చూడవలసిన మొదటి వింత చక్రముల క్రిందనే యున్నది. నర్సీపట్నము నుండి చింతపల్లికెక్కు ఈ దారి ఊరక పడలేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము మన్యము ప్రజల పోడు సేద్యమునకును, వంటచెరకునకును ఆంక్షలు పెట్టెను. ఆ మీదట గూడెపు డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఈ రోడ్డుపనికి వారిని బలవంతముగా తోలి, కూలి సరిగా ఈయక వేధించెను. భత్తిపనుకుల మున్సబుగా నుండిన గాం గంటందొర ఆ పదవి కోల్పోయినదియు ఈ తహశీల్దారుతోడి తగవుల వలననే. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై పడి ఆయుధములు తీసికొనుటకును, ఏమేమి తీసికొన్నదియు అక్కడి పుస్తకములో వ్రాసి సంతకము చేయుటకును వెనుక ఈ రోడ్డు కథ యున్నది. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. 1924 మే 7న రాజును కాల్చిచంపిరి. గంటందొర తమ్ముడు మల్లుదొర చిరకాలము చెరసాల ననుభవించి, 1952లో విశాఖపట్నము నుండి లోకసభకు ఎన్నికయ్యెను.

సీతారామరాజు వేషము వేయని తెలుగుపిల్లవాడు అరుదు. బడిలో వార్షికోత్సవమునాడు కాషాయబట్ట, గడ్డము, విల్లంబులు. అదే పిల్లవాడు ఆ రోడ్డుమీద నిద్రపోవుచు పోయి, నిద్రపోవుచు వచ్చుచున్నాడు. ఒక మలుపు వద్ద బండి నాపి, “ఈ రాళ్లు మోసినవారికి కూలి సరిగా ఈయలేదు నాయనా, అందుకే ఆ కోపము” అని తండ్రి చెప్పినచో వానికి కక్కు కూడ తగ్గును. పిల్లలకు అన్యాయము చాల త్వరగా అర్థమగును. మొదటి పెన్సిలు పోయిన దినమే అర్థమగును.

రెండవ సంగతి దీనికన్న సున్నితమైనది. మంచు చూడవచ్చిన పిల్లవానికి ఎదురుగా ఆ కొండమీదనే పుట్టిన పిల్లవాడొకడు నిలిచియుండును. వాని వయసును అంతే. రోడ్డుప్రక్క నెగడు వద్ద చేతులు కాచుకొనుచుండును. లేదా తల్లితోపాటు స్ట్రాబెర్రీ డబ్బాలు అమ్ముచుండును. కారు దిగినవారు వానిని చూచి రెండు పనులు చేయుదురు. అడుగకుండ ఫొటో తీయుదురు, తరువాత చాకొలెట్టు ఇచ్చెదరు. ఇచ్చునది తమ బిడ్డచేతనే ఇప్పింతురు, దయ నేర్పుచున్నామను తలంపుతో. ఆ బిడ్డ నేర్చుకొనునది దయ కాదు. ప్రపంచములో ఇచ్చు పిల్లలును పుచ్చుకొను పిల్లలును అని రెండు జాతులున్నవనియు, తాను మొదటి జాతివాడననియు నేర్చుకొనును. తమ వీధిలో పరాయివాడెవడైన కారు ఆపి, తమ బిడ్డను ఫొటో తీసి, చేతిలో మిఠాయి పెట్టినచో ఆ తల్లియే పోలీసులను పిలువదా?

చైత్రమాసమున ఈ ప్రాంతమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు వేటకు పోవుదురు. ఆడువారు దారికి అడ్డముగా కర్ర కట్టి, వచ్చిపోవు బండ్లను ఆపి, పాటలు పాడి, డబ్బులడుగుదురు. వేసవి సెలవులకు వచ్చినవారిలో కొందరు దీనిని దోపిడి యనుకొని అద్దములు పైకెత్తుకొందురు. తెలుగుదేశపు మైదానములలో దసరానాడు అయ్యవారును పిల్లవాండ్రును విల్లంబులు పట్టుకొని, పద్యములు పాడుచు, ఇంటింటికి వచ్చి పప్పుబెల్లములు అడిగిన దినములు అంతలోనే మరుగున పడినవి కాబోలు. తాతగారు కారులో నున్నచో ఆ అద్దము తప్పక దిగును.

అయితే పట్టణములవారు మన్యమునకు అసలు పోకుండుటయే మేలని కొందరు పెద్దలు వాదింతురు. ప్లాస్టిక్కు సీసాలు, వాగులలో సబ్బునురుగు, నడిరాత్రి పాటల హోరు చూచినచో ఆ వాదము సబబుగనే తోచును. కాని పోనివారి వలన కొండవానికి ఒరిగిన దేమియు లేదు. ఒకప్పుడు పైనుండి అక్కడికి పోయినవారు వడ్డీవర్తకులు, గుత్తేదారులు, అమీనులు. బిడ్డలతో ఒక కుటుంబము పోయి, డబ్బిచ్చి భోజనము చేసి, కాఫీగింజలు కొని, మర్యాదగా మాటలాడి వచ్చుట వారికంటె కీడైన పని కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరునికి సంక్రమింపరాదని 1959 నాటి నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి సవరణయు చెప్పుచున్నవి. కనుక విడిది ఎవరిది, ఈ డబ్బు ఎవరి యింటికి చేరును అని బసచేయబోవువారు ముందుగా అడుగుటలో తప్పు లేదు. మామిడిపండ్ల బండి వద్ద అంతకన్న ఎక్కువ ప్రశ్నలే వేయుదురు.

కావలసినది రెండు రాత్రుల మజిలీ. చింతపల్లి వారపు సంతకు ఒక ఉదయము. సంతలో పిల్లల కన్ను దేనిమీద నిలుచునో పెద్దలకు తెలియదు: చింతపండు గంపలు, రాజ్‌మా గింజల రంగులు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, కావడి మోయు తాత. కార్తీక మార్గశిరములైనచో వలిసెపూల పసుపు. ఆ ఋతువులోనే కాఫీపండు ఎర్రబడును. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగల నడుమ, ఎర్రని పండును నొక్కి తియ్యని జిగురును నాకి, లోపలి రెండు గింజలను చూచిన పిల్ల, అమ్మ ప్రొద్దున త్రాగు నల్లని కషాయము దీనిదే యనిన ఒక పట్టాన నమ్మదు. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినదను ముక్క తండ్రి తరువాత చెప్పుకొనవచ్చును. తాజంగి చెరువుగట్టున ఊరక కూర్చుండుట కూడ ఒక కార్యక్రమమే, ఫోను సంచిలో నున్నచో.

కొన్ని జాగ్రత్తలు వృద్ధులు చెప్పినట్లే చెప్పవలెను. పూర్వము మన్యపు జ్వరమనిన మైదానపు ఉద్యోగులు బదిలీకే వెరచెడివారు. మలేరియా తగ్గినను మాసిపోలేదు. పిల్లలు దోమతెరలోనే పండుకొనవలెను. సాయంకాలము చేతులు, కాళ్లు కప్పియుండవలెను. కాచిన నీరే త్రాగవలెను. తిరిగివచ్చిన పది పదునైదు దినములకు జ్వరము వచ్చినను జలుబని కొట్టివేయక రక్తపరీక్ష చేయించి, చింతపల్లి పోయివచ్చితిమని వైద్యునితో చెప్పవలెను. జలపాతముల రాళ్లు నునుపు. ఫొటో కొరకు బిడ్డను అంచున నిలబెట్టువాడు తండ్రియైనను మందలింపదగినవాడే.

భాష సంగతి మిగిలినది. ఆ కొండలలో అందరి తల్లిభాష తెలుగు కాదు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలగునవి ఇండ్లలో వినబడును. 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ఆరంభించినప్పుడు ఈ మూడును వానిలో నుండెను. తెలుగు వ్యవహారభాష కొరకు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు సవరల నోట విని వారి భాష నేర్చెను, 1931లో దానికి వ్యాకరణగ్రంథమును ప్రకటించెను. అంత పని ఎవరిని అడుగుట లేదు. నీళ్లను, నిప్పును, అన్నమును ఏమందురో అడిగి మూడు మాటలు నేర్చుకొనుటకు పిల్లలకు మూడు నిమిషములు చాలును. అప్పుడు నెగడు వద్ద నిలిచిన పిల్లవాడు పుచ్చుకొనువాడు కాడు, గురువగును. తప్పు పలికినప్పుడు వాడు నవ్వును. ఆ నవ్వునకు ఫొటో తీయవలెనని కూడ ఎవరికిని తోచదు.

అట్లు నిలిచివచ్చిన ఇంటిలో ఏడేండ్ల పిల్ల యొకతె సంతలో తన డబ్బుతో అడ్డాకుల కట్ట కొనినది. ఇంటికి వచ్చి, చీపురుపుల్లలతో విస్తరి కుట్టబోయి నాలుగు ఆకులు చింపివేసినది. ఐదవ దానికి నాయనమ్మ వచ్చి ప్రక్కన కూర్చున్నది. నాయనమ్మ చేతికి ఆ పని ఇంకను గుర్తున్నట్లు ఆ యింటిలో అంతవరకు ఎవరికిని తెలియదు.