చప్పుడు చేయని టాపెట్టే అసలు విలన్!

హీరో కారెక్కి డోరు ధడాలున వేశాడంటే చాలు, హాల్లో ఈలలే ఈలలు! ఆక్సిలరేటర్ మీద బూటుకాలు క్లోజప్, గిర్రున తిరిగే చక్రం, రయ్యిమనే ఇంజను... ఆ రయ్యిమనే చప్పుడు చాలాసార్లు తర్వాత రికార్డింగు థియేటర్లో కలిపిందేననుకోండి! తెర మీద కారు ఎంత జోరుగా పోవాలో దర్శకుడూ, ఎడిటరూ తేలుస్తారు. రోడ్డు మీద తేల్చేవాళ్లు వేరే ఇద్దరున్నారు. ఒకరు, వాల్వు నెత్తిన వుండే సన్నని సందు. రెండోవారు, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే క్షణం. ఈ వారం ఆ ఇద్దరి కథ.

1969లో వచ్చిన ‘ది ఇటాలియన్ జాబ్’ చూశారా? పీటర్ కొలిన్సన్ దర్శకుడు, మైకేల్ కెయిన్ హీరో. ఎర్రది, తెల్లది, నీలంది, మూడు బుల్లి మినీ కూపర్లు దోచిన బంగారం వేసుకుని ట్యూరిన్ నగరంలో మెట్లు దిగి, ఫియట్ ఫ్యాక్టరీ డాబా ఎక్కి, పోలీసుల్ని మూడు చెరువుల నీళ్లు తాగిస్తాయి. ఆ ఫీట్లు నడిపించినవాడు ఫ్రాన్సుకు చెందిన రెమీ జూలియన్. (అన్నట్టు, కార్లు దూసుకుపోయే ఆ మురుగునీటి గొట్టం ఇటలీలోది కాదు. ఆ సీను తీసింది ఇంగ్లండులోని కోవెంట్రీలో!)

అగ్గిపెట్టెలాంటి బండికి అంత దమ్ము ఎక్కడిదంటారా? రేసుకార్లు కట్టే జాన్ కూపర్ చెయ్యిపడ్డ బండి అది. 1964లో వచ్చిన కూపర్ ఎస్ ఇంజను 1275 సి.సి., 76 హార్స్ పవర్. మాంటే కార్లో ర్యాలీలో 1964, 1965, 1967 సంవత్సరాల్లో పెద్ద పెద్ద కార్లను వెనక్కి నెట్టి గెలిచింది మినీ కూపర్ ఎస్సే!

ఇక ఇంజను లోపలికి వెళ్దాం. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. పెట్రోలు గాలిని లోపలికి రానిచ్చేవి నాలుగు, కాలిన పొగను బయటికి పంపేవి నాలుగు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. మన సినిమా సెకనుకి 24 ఫ్రేములు కదా! అంటే తెర మీద ఒక్క బొమ్మ మారేలోగా వాల్వు రెండుసార్లు పని ముగించేస్తుంది!

ఈ వాల్వుని నొక్కేది రాకర్ అనే చిన్న ఇనుప చెయ్యి. ఆ రెంటి మధ్యా కాస్త సందు వదలాలి. ఎందుకు? ఇనుము వేడెక్కితే సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వుకి మూసుకునే చోటుండదు. కూపర్ ఎస్‌కి చల్లని ఇంజను మీద ఈ సందు అంగుళంలో వెయ్యోవంతులు 12 వుండాలని మాన్యువల్ చెబుతుంది, అంటే 0.3 మిల్లీమీటరు. ఇంచుమించు ఒక పోస్టుకార్డు మందం. పోటీకి దిగే బండికైతే 15 పెట్టమంటుంది.

ఇక్కడే అసలు మలుపు! సందు ఎక్కువైతే టాపెట్ ‘టిక్ టిక్’మని గోల పెడుతుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, పికప్ తగ్గుతుంది, నెమ్మదిగా విడిభాగాలు అరుగుతాయి. సందు తక్కువైతే మాత్రం ఏ చప్పుడూ వుండదు. బండి మెత్తగా నడుస్తున్నట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం పొగ వాల్వు తన సీటు మీద పూర్తిగా ఆనదు. ఆ వాల్వుకి ఒంట్లో వేడి దించుకునే చోటు ఆ సీటే! అది లేకపోయేసరికి మంట సందులోంచి చిమ్మి వాల్వు అంచు కాలిపోతుంది. ఒకరోజు ఎత్తు మీద బండి మిస్సింగ్ కొడుతుంది. హెడ్డు విప్పితేగానీ బాగుపడదు. సినిమాల్లో కూడా అంతే కదా, అరిచే విలన్ని ముందే పట్టేస్తారు. నవ్వుతూ పక్కన కూచునేవాడే కొంప ముంచుతాడు!

అంచేత ‘చప్పుడు లేకుండా బిగించెయ్ గురూ’ అని మెకానిక్కుని తొందరపెట్టకండి. చెవిని కాదు, ఫీలర్ గేజిని నమ్మాలి. లాక్ నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి, గేజి రేకు కాస్త పట్టి లాగినట్టు కదిలేలా పెట్టి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. బిగించాక మళ్లీ కొలవాలి, నట్‌తోపాటు స్క్రూ జరిగిపోవడం మామూలే.

ఏ వాల్వు ఎప్పుడు సరిచెయ్యాలో గుర్తుకి భలే చిట్కా వుంది. తొమ్మిదో ఎక్కం అక్కర్లేదు, తొమ్మిది అనే అంకె చాలు! 8వ వాల్వు పూర్తిగా నొక్కుకుని వుంటే 1వది సరిచెయ్యండి. 6వది నొక్కుకుంటే 3వది. 4వది నొక్కుకుంటే 5వది. ఎప్పుడు కూడినా తొమ్మిదే. ప్లగ్గులు విప్పి, టాప్ గేరులో వేసి, బండిని కొంచెం కొంచెం ముందుకి తోస్తే ఇంజను తిరుగుతుంది.

ఇక రెండోవారు, టైమింగు. ఊయల ఊపడం తెలుసుగా? మనవైపు వస్తుండగానే తోస్తే చెయ్యి నొప్పి, దాటిపోయాక తోస్తే గాలికి తోసినట్టు. ఇంజనులో మంట పూర్తిగా అంటుకోడానికి కొంత వ్యవధి పడుతుంది కాబట్టి పిస్టన్ పైకి చేరక కాస్త ముందే నిప్పు ముట్టించాలి. కూపర్ ఎస్‌కి ఇంజను ఆపి పెట్టేటప్పుడు 2 డిగ్రీలు ముందు, 600 చుట్ల మీద లైటు వేసి చూసేటప్పుడు 4 డిగ్రీలు ముందు అని లెక్క. వేగం పెరిగేకొద్దీ డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు బయటికి విచ్చుకుని నిప్పుని ఇంకా ముందుకి జరుపుతాయి. 6000 చుట్ల దగ్గర ఒక డిగ్రీ అంటే సెకనులో 36,000వ వంతు!

టైమింగు మరీ ముందుకి జరిపితే డబ్బాలో గోళీలు వేసి గిలకొట్టినట్టు నాకింగు వస్తుంది. అలాగే తోలితే పిస్టన్ నెత్తిన చిల్లు పడుతుంది. వెనక్కి జరిపితే బలం చచ్చి ఇంజను వేడెక్కుతుంది.

చూసే పద్ధతి మాత్రం అచ్చం సినిమాయే! ఒకటో ప్లగ్గు మండిన ప్రతిసారీ వెలిగే స్ట్రోబ్ లైటు ఫ్లైవీలు గుర్తు మీద కొడితే గిర్రున తిరిగే చక్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. తెర మీద బండి చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనపడే మాయ వుందే, ఇది దానికి తోబుట్టువు. పాత మినీలో ఆ గుర్తు క్లచ్ హౌసింగు మీది చిన్న కిటికీలో వుంటుంది. అది కనపడాలంటే చేతిలో బుల్లి అద్దం వుండాలి. మేకప్ అద్దమైనా ఫర్వాలేదు!

వరస తప్పకూడదు సుమా! ముందు వాల్వులు, తర్వాత పాయింట్ల గ్యాపు, ఆఖర్న టైమింగు. పాయింట్ల గ్యాపు మారితే టైమింగు తనంతట తనే మారిపోతుంది. వాల్వు బిగుసుకుని బలం తగ్గిన బండికి టైమింగు ముందుకి జరిపి ‘సరిపోయింది’ అనుకుంటే, ఒక జబ్బుకి రెండోది తోడు చేసినట్టే.

ఇదంతా దొరల బండి కథేగా అనుకోకండి. మన తెర మీద మినిస్టర్నీ, విలన్నీ, పెళ్లికూతుర్నీ మోసిన పాత పెట్రోలు అంబాసడర్ వుందే, దాని 1489 సి.సి. ఇంజను కూడా అదే బి.ఎమ్.సి. కుటుంబంలో పుట్టిందే. ఎనిమిది వాల్వులే, అదే తొమ్మిది లెక్క. అంకెలు మాత్రం దాని మాన్యువల్లోవే పెట్టాలి. ఇప్పటి కార్లలో టైమింగు కంప్యూటరే చూసుకుంటుంది, చాలావాటిలో వాల్వు సందు నూనె ఒత్తిడితో తనే సర్దుకుంటుంది. కానీ తాతగారి అంబాసడర్ ఇంకా షెడ్డులో వుంటే, ఈసారి టాపెట్లు ‘టిక్ టిక్’మంటే విసుక్కోకండి. పాపం, అవి బతికున్నామని చెబుతున్నాయి. ఏ చప్పుడూ లేకపోతేనే గేజి తియ్యండి!